ఆసనం

మూలశంక అన్నారు మొదట.
అన్నారేంటి, అన్నది నేనే.
డెర్బీలో పదకొండేళ్లుగా బస్సు నడుపుతున్నదాన్ని,
రోజుకి తొమ్మిది గంటలు కూర్చునేదాన్ని,
నాకు కాక ఇంకెవరికొస్తాయి మొలలు?
ఎర్ర మరక కనబడ్డప్పుడు
మందులషాపులో ట్యూబు కొని
హ్యాండ్‌బ్యాగులో దువ్వెన వెనకాల దాచాను.
ఏడు నెలలు.
శంకని మూలన పడేశాను.

వేలితో చూసిన డాక్టరమ్మాయి
తొడుగు విప్పుకుంటూ
ఇవి మొలలు కావనుకుంటా అంది.
ఈ దేశంలో అంత మెల్లగా
ఎవరూ మాట్లాడలేదు నాతో.

ముక్క తీశారు. సొరంగంలోకి తోసి ఫొటోలు తీశారు.
నాలుగు సెంటీమీటర్లు. గజ్జల్లో ఒక బిళ్ల కూడా.
స్క్వేమస్ అని రాసిచ్చారు.
జబ్బు పేరు నోరు తిరగదు,
చోటు పేరు నోటికి రాదు.
మా నాయనమ్మయితే ముడ్డి అనేసి
తమలపాకు నములుతూ పోయేది.
పుస్తకాల్లో ఆసనం అంటారు.
ఇంటికొచ్చిన పెద్దమనిషికి చూపించేదీ అదే.
రాచపుండు కదా,
నేలమీద కూర్చుంటుందా మరి.

చర్చిలో కడుపులో గడ్డ అని చెప్పాను.
పాపం కడుపు కోసమే ప్రార్థించారు, గంటసేపు.
సరైన చోటికి ఆయనే పంపుకుంటాడులే అనుకున్నా.

ప్రభుదాసు మూడు రోజులు మాట్లాడలేదు.
వాళ్లిచ్చిన కాగితంలో వైరస్ అని చదివాడు,
ఎలా అంటుకుంటుందో చదివాడు.
నాలుగో రోజు కుళాయి తిప్పి
ఆ నీళ్ల చప్పుడులో
ఎవరివల్ల, అన్నాడు.
నర్సు చెప్పిందే చెప్పాను:
పాతికేళ్ల కిందటిది కావచ్చు,
నీ నుంచో, నా నుంచో,
చాలామందికి వచ్చి పోతుందట,
నాలో ఉండిపోయింది.
కుళాయి కట్టేశాడు.
మర్నాటి నుంచి ఆస్పత్రికి కారు తనే నడిపాడు.

కోత లేదన్నారు.
మందూ కిరణాలూ కలిపి, ఇరవై ఎనిమిది సార్లు.
తుంటికి అటొకటి ఇటొకటి, ముందొకటి,
ఆవగింజంత పచ్చబొట్లు పొడిచారు.
నేరేడుపండు రంగు మందు నరంలోకి.
ఇంకోటి చిన్న సీసాలో నడుముకి కట్టి పంపారు,
నాలుగు రాత్రులు మా ఇద్దరి మధ్యా పడుకుంది.

రోజూ అదే ప్రశ్న. పేరు? పుట్టిన తేదీ?
సలోమి, అనేదాన్ని,
నిన్న చెప్పిందాన్నే ఇవాళా నమ్మించాలన్నట్టు.
షినేడ్ దుప్పటి సర్ది వెళ్లిపోయేది.
యంత్రం నా చుట్టూ తిరిగేది,
టెర్మినస్‌లో ఖాళీ బస్సు మలుపు తిరిగినట్టు.

మూడోవారం దాకా నవ్వుతూనే ఉన్నాను.
తర్వాత మంట.
పోలిక చెప్పను, వెతికే ఓపిక లేదు.
రాత్రి రెండింటికి గోరువెచ్చని నీళ్ల టబ్బులో
పళ్ల మధ్య తువ్వాలు కరుచుకుని నేను,
తలుపవతల నేలమీద ప్రభుదాసు.
నా రూటులో స్టాపులు ఒక్కొక్కటే చదివేవాడు.
మార్కెట్. స్టేషను. పాత మిల్లు. వంతెన.
వంతెన తర్వాత ఏడుపు ఆగేది,
ఒక్కోసారి ఆగేది కాదు,
మళ్లీ మార్కెట్ నుంచి మొదలెట్టేవాడు.

మూడు నెలలకి చూసి కరుగుతోందన్నారు.
పోయిందనలేదు.
కిరణాలు వెళ్లిపోయాక కూడా పనిచేస్తాయట,
ఇంకో మూడు నెలలు ఆగమన్నారు.

డిపోలో మళ్లీ చేరినరోజు
నడుమ కన్నమున్న మెత్త చంకన పెట్టుకుంటే
మోరీన్ చూసింది. నడుమునొప్పా?
కడుపు అనబోయాను.
నాయనమ్మ గొంతు అడ్డమొచ్చింది.
ఆ మాటే అన్నాను, ఇంగ్లీషులో, గట్టిగా.

మోరీన్ నవ్వలేదు.
టీ కప్పు దించి, గది తలుపు దగ్గరగా వేసి,
నాకూ పడుతోంది రక్తం, అంది,
వేసవి నుంచీ.

ఫోన్ ఎత్తినవాళ్లు పేరు అడిగేదాకా
పక్కనే నిలబడ్డాను.
నా బస్సు ఆరు నిమిషాలు ఆలస్యంగా కదిలింది.
ఎవరూ ఏమీ అనలేదు,
ముందుసీట్లో ఒక ముసలాయన తప్ప.